రేవులో ఎర్రదీపం

మిద్దె అంచున సుద్దముక్కతో గీసిన బాణం కాస్త వంకర పోయింది. చూసీ చూడనట్టు దాటిపోదామనుకున్నాడు మార్కండేయ. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. అటూ ఇటూ చూసి, పిట్టగోడ మీద ఎవరో వదిలేసిన సుద్దముక్క అందుకున్నాడు. మోకాళ్లు మొరాయిస్తున్నా వంగి బాణం తోకను తిన్నగా లాగాడు. తల కూడా కొంచెం పదునుగా దిద్దాడు. ఇప్పుడు బాణం బాణంలా ఉంది.

"నా గీత మీద గీత గీస్తాండావా అన్నా?"

మెట్ల దగ్గర ఓబిలేష్. నల్లద్దాలు నెత్తి మీద, మడత నలగని చొక్కా, ఇంత ఎండలోనూ చెమట పట్టని మొహం.

"వంకరగా ఉండాది. చూడలేక దిద్దినా," అన్నాడు మార్కండేయ, సుద్ద అంటిన వేళ్లు ప్యాంటుకు తుడుచుకుంటూ.

"నువ్వు మారవన్నా."

ఆ నవ్వు చూసి మార్కండేయకు ఒళ్లు మండింది. ఈ ఓబిలేష్ ఒకప్పుడు అనంతపురంలో తన డిటెక్టివ్ ఆఫీసు తలుపు తీసి బల్ల తుడిచినవాడు. మనిషి వెనకాల ఆ మనిషికి తెలియకుండా ఎలా నడవాలో తన దగ్గరే నేర్చుకున్నవాడు. ఇప్పుడు వాడికి బెంగళూరులో అద్దాల ఆఫీసు, యూట్యూబులో సొంత ఛానెల్. వాడి ఫొటో పేపర్లో పడిన రోజు మార్కండేయకు ముద్ద గొంతు దిగదు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అనకపోయినా భార్యకు తెలుసు. అలాంటి రోజు ఆమె పేపరును బియ్యం డబ్బా వెనక దాచేస్తుంది. అసూయ అంటే అసూయే, దానికి ఇంకో పేరు పెట్టుకుని లాభం లేదు.

ఆ బాణం కిందికి, పెరట్లోకి చూపిస్తోంది. నిన్న మధ్యాహ్నం సరిగ్గా అక్కడే, పిట్టగోడ కింద, ఈ ఇంటి యజమాని శ్రీరంగప్ప తల పగిలి పడి ఉన్నాడు. ప్రాణం ఉంది, స్పృహ లేదు. అనంతపురం తీసుకుపోయి ఆస్పత్రిలో చేర్పించారు.

శ్రీరంగప్ప ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే మనిషి. నడివయసు దాటాక ఏం బుద్ధి పుట్టిందో, బుటాలూ అంచులూ పక్కన పడేసి ఓడరేవుల బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. మబ్బు కనబడితే జనం వీధిలోకి వచ్చి చూసే ఈ మెట్ట సీమలో కూర్చుని ఓడరేవులు! ఎప్పుడో ఒక్కసారి పెళ్లివారికి చీరలు అందించడానికి మంగళూరు పోయి, తెల్లవారుజామున రేవు చూశాడట. ఆ ఒక్క చూపే ఆయన పెట్టుబడి. మంచులో సగం కరిగిన పడవలు, నీళ్లలోకి పాకిపోయిన నీడలు, ఉందో లేదో తెలియని ఒడ్డు. బెంగళూరు గ్యాలరీ ఒకటి వాటిని కళ్లకద్దుకుంది. వచ్చే నెల ఆయనొక్కడి బొమ్మలతోనే ప్రదర్శన. ఓబిలేష్‌ను పంపించింది కూడా ఆ గ్యాలరీ వాళ్లే.

మార్కండేయను పిలిపించింది మాత్రం గోరంట్ల చిన్నప్ప. శ్రీరంగప్ప శిష్యురాలు త్రివేణికి నాయన. తెల్లవారగానే ఫోన్ చేసి బిడ్డను కాపాడమని ఏడ్చాడు. నిన్న గురువుతో గొడవపడి వెళ్లిన త్రివేణి ఇప్పుడు కింద వసారాలో లేడీ కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది. పొద్దుగూకేలోగా వేరే దారి కనబడకపోతే ఎస్సై సుంకన్న ఆమెను కోర్టుకు తీసుకుపోతాడు. సుంకన్నకు ఓబిలేష్ మాటే వేదం.

"కేసు అయిపోయిందన్నా. ఈ ఎండలో నువ్వు ఎందుకు వచ్చినావు?" అన్నాడు ఓబిలేష్, స్టాండు మీద ఉన్న బొమ్మ వైపు నడుస్తూ. "ఆయన ఈడ నిలబడి ఇది వేస్తాండాడు. ఆయమ్మి వచ్చింది. మంచు ఎట్ల వేస్తావో నేర్పమనింది. ఆయన నేర్పననినాడు. తోసింది. తోసి ఊరికే పోకుండా బొమ్మ మీద తన చెయ్యి పెట్టింది. ఈర్ష్యప్పా, ఇంగేముండాది!"

మార్కండేయ బొమ్మ ముందు నిలబడ్డాడు. వెనకాల ఆకాశమూ నీళ్లూ ఎక్కడ కలుస్తున్నాయో తెలియని బూడిద నీలం. అందులోంచి మూడు నాలుగు తెరచాప కొయ్యలు, కళ్లు చికిలిస్తే మాయమయ్యేంత పలచగా. ఇదంతా నీటిరంగు. నీళ్లు మెరిసేచోట రంగే వేయలేదు, కాగితాన్ని తెల్లగా వదిలేశాడు. దాని మీద, పడవల అంచుల వెంబడి, దట్టంగా తెల్ల దీపాలు. ఆ దీపాలు మాత్రం గ్వాష్. నీటిరంగు పలచన, కింది కాగితం కనబడుతుంది. గ్వాష్ చిక్కన, కింద ఏముందో కప్పేస్తుంది. తెల్లదీపాల నడుమ ఒకే ఒక్క ఎర్రదీపం.

బొమ్మ చూస్తే మార్కండేయకు అకారణంగా దాహం వేసింది. అంత తేమ ఉంది అందులో.

"ఆ ఎర్ర చుక్క చూడు," అన్నాడు ఓబిలేష్. "శ్రీరంగప్ప పెట్టెలో ఎర్ర రంగే లేదు. త్రివేణి సంచిలో ఎర్ర గ్వాష్ ట్యూబు దొరికింది, మూత దగ్గర రంగు ఇంకా మెత్తగానే ఉండాది. పిట్టగోడ మీద తెల్ల చుక్కలు పడినాయి. అంటే దీపాలు పెట్టింది ఈడనే. చాలునా?"

చాలేటట్టే ఉంది. అదే మార్కండేయకు కష్టంగా ఉంది. గోడ మీది తెల్ల చుక్కలు తను చూడలేదు, వాడు చూశాడు.

"మిద్దె మీంచి పడినోనికి కాలు విరగలా, చెయ్యి విరగలా, భుజమన్నా తోలు లేవలా," అన్నాడు మార్కండేయ. "తల మాత్రం పగిలింది. డాక్టరును అడిగే వచ్చినా."

"అదృష్టమన్నా."

"సరే. ఆ కాగితం ముక్క తీసుకో. ఆ నీలం రంగు, ఆ నీళ్లు. ఒక మబ్బు వెయ్యి చూద్దాం."

"నేనా?"

"నీకు రానిది ఏముండాదప్పా!"

ఓబిలేష్‌కు ఆ మాట రుచించింది. కుంచె ముంచి కాగితమంతా తడిపాడు. నీలం రంగు తీసుకునేలోగా కాగితం ఒక పక్క తెల్లబోయి ఆరిపోయింది. గబగబా పూశాడు. రంగు పాకలేదు. ఎక్కడ పెట్టింది అక్కడే నిలబడి, చుట్టూ గీత గీసినట్టు గట్టి అంచు కట్టింది. ఇంకోసారి తడిపాడు. అదే వరస. నేల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేని ఎండ, తుమ్మినా తేమ మిగలని గాలి. మూడోసారికి ఓబిలేష్ నుదుట చెమట మెరిసింది. మార్కండేయకు కడుపు చల్లబడింది.

"తడి కాగితం మీద తడి రంగు పాకితేనే మంచు వస్తాది," అన్నాడు మార్కండేయ. "ఈ మిద్దె మీద నిన్న మధ్యానం దేవుడు దిగొచ్చినా ఆ మంచు రాదు. ఈ బొమ్మ వేరే యాడో వేసినారు. శ్రీరంగప్ప పడింది ఈడ్నుంచి కాదు. ఎవురో బొమ్మను పైకి మోసుకొచ్చి, ఆయన పైనుంచి పడినట్టు నాటకమాడినారు."

ఓబిలేష్ ఆరిపోయిన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని నెమ్మదిగా కింద పెట్టాడు.

"బాగుండాదన్నా. ఒప్పుకుంటా. కానీ మోసుకొచ్చింది త్రివేణి కాదని యాడుండాది? బొమ్మ యాడ వేసినారని కాదు కేసు. తోసినోళ్లు ఎవురని."

నిజమే. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. తన దగ్గర నేర్చుకున్నప్పుడు కూడా వీడు ఇలాగే చివర్లో ఒక్క ప్రశ్న వేసి గాలి తీసేసేవాడు. అప్పట్లో ముచ్చటేసేది.

మెట్ల మీద చెంబుల చప్పుడైంది. ఆంజినప్ప మజ్జిగ తెచ్చాడు. శ్రీరంగప్పకు సడ్డకుడు, ఇద్దరి భార్యలూ అక్కాచెల్లెళ్లు. ఈయనా చీరల డిజైన్లే గీస్తాడు. ఇద్దరూ ఒక గురువు దగ్గరే గ్రాఫు కాగితం పట్టారు. నిన్న పెరట్లో శ్రీరంగప్పను మొదట చూసి కేక పెట్టిందీ, ఆటో పిలిచిందీ ఈయనే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"తాగండి సార్. మా వదిన పంపించింది," అని చెంబులు అందించాడు.

"మీ అన్న బొమ్మలు మీకెట్లుంటాయి?" అడిగాడు మార్కండేయ.

ఆంజినప్ప స్టాండు వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. "నాకేం తెలుసు సార్. నీళ్లు ఒలికిపోయినట్లుంటాయి. ఒక లెక్క ఉండదు, ఒక వరస ఉండదు. మా కాయితంలో ఒక గడి తప్పితే చీరంతా పోతాది. ఆయన ఇష్టమొచ్చినట్లు నీళ్లు పోస్తాడు, బెంగళూరోళ్లు ఎగబడతారు." మళ్లీ స్టాండు వైపు చూశాడు. "ఈ బొమ్మకైతే ఆ దీపాలతో రవంత కళొచ్చింది."

"మీరు గీసిన చీరలు ఎవరెవరు కట్టుకున్నారో తెలుసునా?"

"తెలీదు. నేను గీసినానని కట్టుకున్నోళ్లకూ తెలీదు." నవ్వాడు ఆంజినప్ప. "చీర మింద పేరుంటాదా సార్?"

అప్పుడు ఓబిలేష్ ఫోను మోగింది. మాట్లాడుతుండగానే వాడి మొహం వెలిగింది. "శ్రీరంగప్ప చేతివేళ్లు కదిలిస్తాండాడంట. సాయంత్రానికి స్పృహ రావొచ్చంటాండారు డాక్టర్లు. ఎస్సై సార్ ఆడికే పోతాండాడు, ప్రెస్సు వాళ్లను కూడా పిలిచినాడు." మార్కండేయ వైపు తిరిగి, కింద కానిస్టేబుల్‌కు కూడా వినబడేట్టు గొంతు పెంచాడు. "మార్కండేయ గారూ, మీరు నిదానంగా చూసుకోండి."

అన్నా పోయి గారూ వచ్చింది. జనం ముందు ఓబిలేష్ ఎప్పుడూ అంతే.

ఆంజినప్ప గబగబా ఓబిలేష్ దగ్గరికి వచ్చాడు. "నన్ను గూడా పిలుచుకుపో నాయనా. మా అన్న కండ్లు తెరిచే యాళకు సొంత మనిషి ఒకరన్నా ఎదురుగా ఉండల్ల గదా."

"రాప్పా, కారులో చోటుండాది," అన్నాడు ఓబిలేష్.

కారు వెళ్లిపోయింది. మార్కండేయ మజ్జిగ చెంబు పట్టుకుని వసారాలోకి దిగాడు.

త్రివేణి మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. స్కూల్లో డ్రాయింగు టీచరు. గోళ్ల సందుల్లో ఇంకా నీలం రంగు ఉంది.

"మీ గురువు మీద నీకు ఈర్ష్య ఉండాదా?" సూటిగా అడిగాడు.

"ఉండాది సార్. లేదంటే నా నోరు పుచ్చిపోతాది."

కానిస్టేబుల్ తలెత్తి చూసింది.

"రెండేండ్లుగా ఆ మిద్దె మీద కూర్చోని మంచు వేస్తాండా," అంది త్రివేణి. "తెల్లారుజామున ఈడనే వేస్తానని చెప్తాడాయన. నేనూ తెల్లారుజామున వచ్చినా. నాది మంచు రాలేదు, అట్టముక్కలు అతికించినట్లొచ్చింది. నిన్న కాళ్లు పట్టుకున్నంత పని చేసినా, ఒక్కసారి నా ముందర వెయ్యండి సార్ అని. వెయ్యననినాడు. అందుకే అరిచినా."

"ఏమని?"

"మీ చెయ్యి పడిపోను అని." ఆమె గోళ్లలోని నీలం రంగు గీక్కుంది. "అరిచి, సంచి ఈడ్నే వదిలేసి ఇంటికి పోయినా. పోయి ఏం చేసినానో తెలుసునా? ఆయన బొమ్మ ఫొటో ముందర పెట్టుకోని దాన్నే చూసి గీస్తా కూర్చున్నా. చెయ్యి పడిపోవాలంటిని, ఆ చేతి మాదిరే గీయాలని ఏడ్చినా. నేను అట్లాంటి దాన్ని సార్. కానీ తోయలేదు."

మార్కండేయ మజ్జిగ గుక్క మింగాడు. ఆ పిల్ల నోట వింటుంటే ఎవరో తన ఇంట్లోకి తొంగిచూసినట్టు ఇబ్బందిగా ఉంది. ఫోన్లో తీసుకున్న బొమ్మ ఫొటో ఆమె ముందు పెట్టాడు.

త్రివేణి చూసిన మొదటి క్షణం మొహం విప్పారింది, ఆ మంచు చూసి. మరుక్షణం నొసలు ముడిపడ్డాయి.

"ఈ దీపాలు ఎవురు పెట్టినారు?"

"నువ్వే పెట్టినావంటాండారు."

"నేనా!" ఆమెకు కోపంతో కన్నీళ్లు వచ్చాయి. తోసిందన్నప్పుడు రాని కోపం అది. "ఇంత మంచి మంచు మీద ఇట్లా సున్నం చుక్కలు పెడతానా? మా సార్ దీపాలే పెట్టడు, కాగితాన్ని తెల్లగా వదిలేస్తాడు. రేవులో పడవలంటే నీళ్ల మీద ఊగుతాంటాయి. ఒక దీపం కిందుంటాది, ఒకటి మీదుంటాది, రెండు కలిసిపోతాయి. ఇవి చూడండి, ఒకదానికీ ఒకదానికీ ఎంత సమంగా ఉండాయో. కుట్టినట్లుండాయి సార్!"

కుట్టినట్లు. ఆ మాట మార్కండేయ చెవిలో ఉండిపోయింది. ఎందుకో మాత్రం అప్పటికి తెలియలేదు.

"నీ సంచి యాడ వదిలినావు?"

"మగ్గమింటి తలుపు పక్కన, మేకుకు. ఎప్పుడూ ఆడ్నే తగిలిస్తా."

మగ్గమిల్లు వసారా చివర ఉంది. తలుపు తోసి లోపల కాలు పెట్టగానే మార్కండేయ ఆగిపోయాడు. ఇల్లంతా ఒక ఎత్తు, ఈ గది ఒక ఎత్తు. చల్లగా ఉంది. కిటికీకి తడి గోనెపట్టా వేలాడుతోంది. మట్టి నేల మీద నీళ్లు చల్లిన చెమ్మ. రాత్రంతా ఆస్పత్రిలో ఉండి పొద్దునే ఇంటికొచ్చిన శ్రీరంగప్ప భార్య రామలక్ష్మమ్మ గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చుని ఉంది. నేయడం లేదు. చేతులు ఊరికే పోగుల మీద పెట్టుకుని ఉంది.

"ఈ గది ఇంత తేమగా ఉండాదేమమ్మా?"

"ఎండితే పట్టుపోగు తెగుతాది సార్. పొద్దున్నా మాపూ నీళ్లు చల్లాల్సిందే." ఆమె గొంతులో ప్రాణం లేదు. "ఆ పిల్లను ఇంగా తీసకపోలేదా? అది అడుగుపెట్టినప్పట్నుంచీ నా మొగుడు నా మొకం చూసి మాట్లాడింది లేదు. ఎంతసేపూ ఆ పిల్లతో నీళ్లు, రంగులు, ఆకాశం. ముప్పై ఏండ్లు ఈ గుంతలో కాళ్లు పెట్టుకోని కూసున్నా. ఒక్కనాడన్నా నా చీర చూసి అట్ల మురిసినాడా?"

ఈ ఇంట్లో ప్రతి మనిషికీ ఇదే జబ్బు అనుకున్నాడు మార్కండేయ. తనకు కొత్తేమీ కాదు.

"మీ ఆయన మంచు వేసేది ఈ గదిలోనే, కాదమ్మా?"

రామలక్ష్మమ్మ చేతులు పోగుల మీద బిగుసుకున్నాయి. తల ఊపింది. "ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ పిల్లకూ చెప్పలేదు, మా మరిదికీ చెప్పలేదు. మిద్దె మీద వేస్తానని అందరితో అంటాడు. నేను మగ్గం దిగిన యాళ చూసి ఈడ కూసుంటాడు. ఈ ఒక్క సంగతి నాకూ ఆయనకే తెలుసు సార్." ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె మొహంలో గర్వం తొంగిచూసింది. "నిన్న నేను కదిరికి పోయింటి, పెండ్లి మాటలకు. మగ్గం ఖాళీ."

"ఒక్కసారి లెయ్యండమ్మా."

ఆమె లేచింది. మార్కండేయ గుంటలోకి దిగాడు. మోకాలు కలుక్కుమంది. ఫోన్ లైటు వేసి చూశాడు. కాలితో తొక్కే పలకల కింద, తడి మట్టిలో, ఒక కుంచె పడి ఉంది. దాని పక్కన నేల పీల్చుకున్న నీలం మరక. లేచి నిలబడితే ఎదురుగా, నేసిన బట్ట చుట్టుకునే దుంగ. దాని చివర మూలన ఏదో నల్లగా ఎండి ఉంది. దానికి రెండు నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

రామలక్ష్మమ్మ కూడా చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

పెరటి తలుపు మగ్గానికి నాలుగడుగుల దూరంలో ఉంది. బయటికి ఈడిస్తే సరిగ్గా పిట్టగోడ కిందికే. ఎలా జరిగిందో ఇప్పుడు అద్దంలో చూసినట్టు కనబడుతోంది. ఎవరో ఈ తలుపు తీసుకుని వచ్చారు. శ్రీరంగప్ప ఎన్నేళ్లుగానో దాచుకున్న రహస్యం వాళ్ల కళ్ల ఎదుట పడింది. మాటా మాటా పెరిగింది, తోపులాటలో ఆయన తల దుంగకు తగిలింది. ఆయన బొమ్మలు వేసేది మిద్దె మీదేనని ఊరంతా అనుకుంటోంది కాబట్టి, బొమ్మను అక్కడికి చేర్చారు. మనిషిని కిందికి చేర్చారు. అంతా సరే. ఎవరు? త్రివేణి కూడా చేయగలదు అన్న ఓబిలేష్ ప్రశ్న ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

గుంటలోంచి పైకి రావడానికి దుంగ పట్టుకున్నాడు. దాని మీద చుట్టి ఉన్న చీర కళ్లకు ఆనేంత దగ్గరగా ఉంది. ముదురు నీలం పట్టు. దాని మీద వెండి బుటాలు. ఒక వరసలో రెండు బుటాల మధ్య ఖాళీ వస్తే, కింది వరసలో ఆ ఖాళీకి సరిగ్గా దిగువన ఇంకో బుటా. ఒకదానికీ ఒకదానికీ తేడా లేదు. అంత వెండిలో ఒక్క బుటా మాత్రం ఎర్రగా ఉంది.

"ఈడ తప్పు పోయిందేమమ్మా? ఇదొకటి ఎర్రగా పడింది."

"తప్పు కాదు సార్," అంది రామలక్ష్మమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "అది మా మరిది డిజైను. ఆంజినప్పది. ఆయన గీసినాడంటే అట్ల ఒకటి ఎర్రది పెడతాడు. దిష్టికి. అన్నింటికీ పెట్టడు. మనసుకు బాగా పట్టిన చీరకే పెడతాడు. ఇంత బాగొచ్చింది, ఎవురి కన్నన్నా పడుతుందేమో వదినా అంటాడు."

మార్కండేయ ఫోన్లో బొమ్మ తెరిచాడు. పడవల వెంబడి తెల్లదీపాలు. పై వరస ఖాళీ కింద కింది వరస దీపం. దాని ఖాళీ కింద మళ్లీ ఒకటి. గ్రాఫు కాగితం మీద జీవితమంతా గడులు నింపిన చెయ్యి. రేవు గీయమన్నా, సముద్రం గీయమన్నా బుటాలే వేసే చెయ్యి. మధ్యలో ఒక్క ఎర్రదీపం.

కుట్టినట్లుండాయి సార్.

దీపాలతో రవంత కళొచ్చింది.

అంత ప్రమాదంలో, కింద మనిషి రక్తం కారుతూ పడి ఉండగా, ఒక్కడు మేకుకున్న త్రివేణి సంచిలోంచి రంగులు తీసుకుని, ఆ మండుటెండలో నిలబడి దీపాలు ఎందుకు పెడతాడు? పారిపోక? మార్కండేయకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున మిద్దె మీద తను సుద్దముక్క ఎందుకు అందుకున్నాడు? వాడి గీత వంకరగా ఉందని కాదు. వాడి గీతగా మిగలనివ్వలేక. ఇందులో నా చెయ్యి కూడా ఉంది అనిపించుకోవాలని. అసూయపడ్డవాడు ఎదుటివాడి పనిని చింపడు, వదలనూ వదలడు. దిద్దుతాడు. ఆంజినప్ప అసూయపడ్డాడు, ఎందుకంటే ఆ బొమ్మ అందం ఏమిటో ఊళ్లో అందరికంటే ఆయనకే తెలుసు. అది అంతగా నచ్చింది కాబట్టే దానికి దిష్టి తగలకుండా ఎర్రదీపం కూడా పెట్టాడు.

ఆ ఆంజినప్ప ఇప్పుడు శ్రీరంగప్ప కళ్లు తెరిచేచోట ఉన్నాడు.

మార్కండేయ మొదట ఎస్సై సుంకన్నకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. లేడీ కానిస్టేబుల్ చేత ఆస్పత్రి దగ్గర కాపలా ఉన్న పోలీసుకు చేయించాడు. మోగి మోగి ఆగిపోయింది. "ప్రెస్సోళ్ల తోపులాటలో వినపడుండదు సార్," అంది ఆమె.

ఇక మిగిలింది ఓబిలేష్.

చెప్పాలంటే సిగ్గుచేటు గాని, వేలు ఒక్క క్షణం ఆగింది. ఈ ముక్క చెప్పేస్తే ఇంకో గంటలో అది వాడి నోట, వాడి ఛానెల్లో, కెమెరాల ముందు వినబడుతుంది. మంచు కనిపెట్టింది తను, గుంటలోకి దిగింది తను, ఎర్ర బుటా చూసింది తను. పేరు మాత్రం వాడిది. చీర మింద పేరుంటాదా సార్ అన్న ఆంజినప్ప నవ్వు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఆ నవ్వు ఎక్కడికి తీసుకుపోతుందో ఈ దుంగ మీద కనబడుతూనే ఉంది.

నొక్కాడు. అవతల రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్లీ చేశాడు. ఈసారి మోగకుండానే కట్ చేశాడు ఓబిలేష్. పక్కన కెమెరాలు ఉండి ఉంటాయి. పైగా మిద్దె మీద మూడుసార్లు ఆరిపోయిన ఆ కాగితం వాడికి ఇంకా మండుతూ ఉండి ఉంటుంది. మార్కండేయ నుంచి ఫోన్ అంటే ఇంకో దెప్పుడు అనుకుంటాడు. తను వాడి స్థానంలో ఉంటే తనూ ఎత్తడు.

ఏం రాస్తే వాడు చదువుతాడో మార్కండేయకు తెలుసు. ఇన్నేళ్లలో వాడు తన నోట వినాలని కాచుకున్న మాట ఒక్కటే ఉంది. చచ్చినా అననని పంతం పట్టిన మాట అది. టైపు చేశాడు.

"నువ్వే గెలిచినావు. పేరు నీదే. ఆంజినప్పను శ్రీరంగప్ప తావకు పోనీయొద్దు. వాడే."

పంపాడు. చదివినట్టు నీలం గుర్తు పడింది. మార్కండేయ ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాడు. తడి గోనెపట్టా నుంచి నీళ్లు నేల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

ఫోను మోగింది.

"అన్నా." ఓబిలేష్ గొంతు అది. అందులో నవ్వు లేదు, గారూ లేదు. బల్ల తుడిచే రోజుల్లో ఏదైనా పగలగొడితే వినబడే గొంతు. వెనకాల ఎవరో తలుపు బాదుతున్నారు. "అన్నా, శ్రీరంగప్ప ఇప్పుడే కండ్లు తెరిచినాడు. సొంత మనిషి మొకం చూస్తే మాట వస్తాదని నేనే నర్సును గూడా బయటికి పంపించినా. ఆంజినప్పనొక్కన్నే లోపల కూసోబెట్టినా."

"తలుపు తియ్యి ఓబిలేషూ! బిన్నా, తొందరగా!"

"తలుపు రావడం లేదన్నా. లోపల గడియ పెట్టుకున్నాడు."